ఏడో తారీఖున రెండేసి వరసలు

ఇలా దగ్గరికి జరుగు, ఇంకాస్త, మోకాలికి మోకాలు తగలాలి, ఇది గొంతెత్తి చెప్పేది కాదు, ఒక మనిషి తలలో ఒక మధ్యాహ్నం తిరిగింది తిరిగినట్టే చెప్పాలి, తిన్నగా నడవదు, వంకర్లు పోతుంది, కంగారుపడకు, చేరాల్సిన చోటికి చేరుస్తాను, ఊఁ కొడుతూ ఉండు చాలు, ఇంతకీ ఈ రెండో ఏడు ఎక్కడిది అనుకుంటోంది కత్తెరమ్మ, ఏడో తారీఖు ఐదు వేలు అని ఒక వరస, దాని కిందే మళ్లీ ఏడో తారీఖు ఐదు వేలు అని ఇంకో వరస, పోయిన నెలా అంతే, అంతకు ముందు నెలా అంతే, ఫోను అడ్డంగా తిప్పితే వరసలు సాగాయి కానీ తగ్గలేదు, కళ్లు మూసి తెరిచినా తగ్గలేదు, నాలుగు నెలలు, నెలకు రెండేసి, ఇవన్నీ రాసింది ఎవరు, ఇంకెవరు, నేనే, ఇందులో వేలు పెట్టేది నేనొక్కదాన్నే, మరి రాసినట్టు గుర్తేదీ, ఒకసారి రాసినట్టు గుర్తుంది, షాపు మూశాక, సూదులు లెక్కపెట్టి డబ్బాలో వేశాక, మంచం మీద కూర్చుని రాసినట్టు గుర్తుంది, రెండోసారి రాసిన గుర్తు మాత్రం ఎంత తవ్వినా దొరకడం లేదు, మనిషికి తెలియకుండా చేతులు పని చేస్తాయా, చేస్తాయి, అమ్మ చేతులు చేశాయి, అమ్మ కూరలో ఉప్పు వేసేది, మూత పెట్టేది, అటు తిరిగి ఇటు తిరిగి, మూత తీసి మళ్లీ వేసేది.

కత్తెరమ్మ అంటే, ఇరవై రెండు మెట్లెక్కితే వచ్చే మేడగదిలో అక్కాచెల్లెళ్ల టైలరింగ్ షాపు ఉండేది, అందులో అక్క, అరవై రెండేళ్ల మనిషి, నలభై ఏళ్లుగా గుడ్డ కత్తిరించింది ఆవిడే కనుక అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు, చెల్లెలు మిషను తొక్కేది కనుక ఆవిడ కుట్టమ్మ, వెనక గదిలోనే ఇద్దరి కాపురం, ముందు గదిలో ఇద్దరి బతుకు, ఇప్పుడు కత్తెరమ్మ ముందు బల్ల మీద ముదురు నీలం ఉన్నిగుడ్డ పరిచి ఉంది, రిటైరైన పోస్టుమాస్టరమ్మది, ఆవిడ భర్త ముచ్చటపడి కొనుక్కుని కుట్టించుకోకుండానే పోయాడు, పదమూడేళ్లు పెట్టెలో దాచి మొన్న పట్టుకొచ్చింది, ఆయన తొడగలేదు, నేనైనా తొడుగుతాను, నాకు కోటు కుట్టిపెట్టు కత్తెరమ్మా అని రెండు చేతులతో అందించింది, గుడ్డను కాదు, నిద్రపోయే పసిబిడ్డను అందించినట్టు, కొలిస్తే రెండున్నర మీటర్లు, కోటుకు సరిగ్గా సరిపోతుంది, అరచెయ్యంత ముక్క మిగలదు, నేసిన మిల్లు మూతపడి పదేళ్లు, తప్పు కత్తిరిస్తే ఇంకో ముక్క లోకంలో లేదు, కొలతల పుస్తకం పక్కనే తెరిచి ఉంది, చెల్లెలి చేతిరాత, గుండ్రటి లావు అంకెలు, సుద్దతో గీత గీయాలి, కత్తెర పెట్టాలి, అది పొద్దున పదింటికి అనుకున్న మాట, ఇప్పుడు రెండున్నర, సుద్ద ఇంకా చేతిలోనే ఉంది, చెమటకు మెత్తబడి వేళ్లకు అంటుకుంటోంది, అసలు ఈ ఫోను ఎందుకు తెరిచానో అనుకుంది, తాళాలాయన వల్ల తెరిచాను, నాలుగింటికి వస్తానన్నాడు, అవును, అది గుర్తుంది, చూశావా, గుర్తుంది.

కింద, వీధి మీదికి, తాళాలు బాగుచేసే ఆయన గది ఉంది, ఆయన ఖాళీ చేస్తున్నాడు, మూడు లక్షలిస్తే గది మీకు రాసిస్తాను, ఇవాళ నాలుగింటికి ఔనో కాదో చెప్పండి, ఇంకొకళ్లు అడుగుతున్నారు అన్నాడు, నేల మీద గది, ఒక్క మెట్టు కూడా లేదు, కుట్టమ్మ మోకాళ్లు రెండూ అరిగాయి, పొద్దున కిందికి దిగితే మళ్లీ ఎక్కడానికి ఏడో మెట్టు దగ్గర ఒకసారి, పదిహేనో మెట్టు దగ్గర ఒకసారి నిలబడుతుంది, నిలబడి గోడ మీద ఏదో చదువుతున్నట్టు నటిస్తుంది, గోడ మీద ఏమీ లేదు, సున్నం తప్ప, ఆ గది కోసమేగా నాలుగేళ్ల కిందట నెలనెలా ఐదు వేలు ఫండులో వేయడం మొదలుపెట్టింది, డబ్బు బ్యాంకు నుంచి దానంతటదే పోతుంది, ఎంత అయిందో ఎలా తెలుస్తుందే అంటే చెల్లెలి కూతురు, కళ్లద్దాల షాపులో పనిచేసే పిల్ల, ఫోన్లో ఒక పేజీ తెరిచి ఇచ్చింది, ఇందులో తారీఖు రాయి పెద్దమ్మా, ఎంత వేశావో రాయి, ఆ రోజు ధర అదే తెచ్చుకుంటుంది, అదే కూడుకుంటుంది, పైన పెద్దక్షరాల్లో మొత్తం చూపిస్తుంది, ఉచితం, చిల్లిగవ్వ తీసుకోదు అంది, చిల్లిగవ్వ తీసుకోకపోతే వాళ్లు ఏం తిని బతుకుతారే అంటే ప్రకటనలు తిని అంది, నిజమే, ఇప్పుడూ వరసల మధ్యలోకి ఒకటి దూరింది, రెడీమేడ్ కోట్లు సగం ధరకే అట, కత్తెరమ్మకు, ఈ పూట, ఈ గుడ్డ ముందు నిలబడ్డప్పుడు, సిగ్గూ శరం లేని పేజీ, పాస్‌వర్డు ఏం పెట్టమంటావు అంటే నాన్న చొక్కా కొలత పెట్టు, ఛాతీ నలభై, పొడుగు ముప్పై, చెయ్యి ఇరవై నాలుగు, ముగ్గురికీ నోటికొచ్చిన సంఖ్య కదా అంది కత్తెరమ్మ, అమ్మ ఫోన్లో కూడా పెడుతున్నా అని ఆ పిల్ల అంటే కుట్టమ్మ రెండు చేతులూ ఊపేసింది, నాకొద్దే తల్లీ, నా వేలు తగిలితే డబ్బంతా ఎటో కొట్టుకుపోతుంది అంది, పిల్ల నవ్వుతూ పెట్టేసింది, కుట్టమ్మ దాన్ని ముట్టుకున్న దాఖలా లేదు.

పేజీ మీద ఉన్నది మూడు లక్షల నాలుగు వేల చిల్లర, పోయిన వారం ఆ మూడు చూసి కత్తెరమ్మ కత్తెర కింద పెట్టి మరీ కూర్చుంది, కుట్టమ్మకు చెప్పింది, కుట్టమ్మ మిషను ఆపి, అయితే ఇంక మెట్లుండవా అక్కా అంది, చిన్నపిల్లలా, అరవై ఏళ్ల చిన్నపిల్ల, ఆదివారం పిల్ల వచ్చి, డబ్బు తీసేముందు ఇంకో రెండు చోట్ల కూడా సరిచూసుకో పెద్దమ్మా, ఇవీ ఉచితమే, ఇది ఫోనుకొచ్చే ఫండు ఉత్తరాల్లోంచి లెక్క తనే ఏరుకుంటుంది, ఇంకోటి బొమ్మలు గీసి చూపిస్తుంది అని పెట్టిపోయింది, ఇవాళ అవి తెరిస్తే ఒకటి రెండు లక్షల ఎనభై మూడు వేల తొమ్మిది వందలు అంది, ఇంకోటి రెండు లక్షల ఎనభై నాలుగు వేల రెండు వందలు అంది, పైగా పచ్చగీత పైకీ ఎర్రగీత కిందికీ, కొండలు గీసిందో రంపం గీసిందో, ఈ రెంటికీ మూడొందలు తేడా ఎందుకో పిల్ల ముందే చెప్పింది, ఒకటి నిన్నటి ధర, ఒకటి ఇవాళ్టి ధర, అది సరే, తనకు అర్థమయింది, మరి ఆ ఇరవై వేలు ఏమయ్యాయి, ఎవరు తిన్నారు, ఎవరూ తినలేదు, ఎప్పుడూ లేవు, వేళ్లతో లాగి లాగి కిందికి వెళ్లి వరసలు చూస్తే ఇదిగో, ఏడు, ఏడు, ఏడు, ఏడు, జోడుజోడుగా, గుండీలు కుట్టినట్టు, పైగా వాటి చివర గమనిక అనే గడిలో ఏదో మచ్చ, దుమ్ము, గుడ్డముక్కతో తుడిచింది, పోలేదు, గోటితో గీకింది, పేజీ జరిగింది, మచ్చ కూడా పేజీతోపాటే జరిగింది, అద్దం మీది దుమ్ము ఎలా జరుగుతుంది, అంటే దుమ్ము కాదు, నా కంట్లోనే ఏదో తిరుగుతోంది, కళ్లూ పోయాయి, మతీ పోయింది, ఒకే పూటలో రెండూ, బాగుంది.

అక్కా, కత్తెర చప్పుడు రావడం లేదేం అంది కుట్టమ్మ మిషను మీంచి తల ఎత్తకుండానే, గీతలు గీస్తున్నానే అంది కత్తెరమ్మ, గీతలా, పొద్దుటి నుంచీ గీస్తే ఈపాటికి గుడ్డంతా తెల్లబడి ఉండాలే అంది కుట్టమ్మ, నోరు మూసుకుని నీ కాజాలు నువ్వు చూసుకో అంది, కాజాలు నేను కుట్టడం లేదు, చెయ్యి అతుకుతున్నాను అంది, మళ్లీ తప్పు, చొక్కా చెయ్యి కళ్ల ముందే ఉంది, కాజాలు అన్నాను, ఎందుకన్నాను, అందరూ అంటారులే, నోరు జారడం వేరు, మతి జారడం వేరు, అమ్మ కూడా మొదట్లో నోరే జారింది, గరిటెను కత్తెర అనేది, అందరూ నవ్వేవాళ్లు, అమ్మా నవ్వేది, తర్వాత నవ్వడం మానేసింది, ఉండు, నన్ను నేనే అడుగుతాను, తాళాలాయన నడుము, నలభై రెండు, ఎడమ భుజం అరంగుళం కిందికి, పోస్టుమాస్టరమ్మ పెద్దకూతురు స్కూలు గౌను పొడుగు, ముప్పై ఒకటి, ఏ సంవత్సరం, వంతెన కట్టిన సంవత్సరం, మూలింటి డాక్టరు, కడుపు పెరిగినా నడుము ముప్పై నాలుగే రాయమనేవాడు, ముప్పై ఎనిమిది కుట్టి ముప్పై నాలుగని చెప్పేదాన్ని, అన్నీ ఉన్నాయి, ఒక్కటీ పోలేదు, అయితే ఏం లాభం, అమ్మకూ పాతవన్నీ ఉండేవి, తన ఐదో ఏట పోగొట్టుకున్న రబ్బరు బంతి రంగు చెప్పేది, పొద్దున తిన్నదో లేదో మాత్రం చెప్పలేకపోయేది, పాతది ఉండటం గొప్పకాదు, ఏడో తారీఖు ఉండాలి, ఉప్పు వేశావా అమ్మా అని ఒకరోజు నేనే అడిగాను, అమ్మ నా మొహంలోకి చూసింది, సమాధానం నా మొహం మీద రాసుందేమో అని వెతికినట్టు చూసింది, ఆ తర్వాత అక్కాచెల్లెళ్లు ఇద్దరూ ఇంకెప్పుడూ అలా అడగలేదు, ఉప్పెక్కువైన కూర నోరు మెదపకుండా తినేవాళ్లు, పక్కింటివాళ్లకు తెలియకుండా నీళ్లు తాగేవాళ్లు.

పిల్లకు ఫోను చేసింది, వెనక గదిలోకి వెళ్లి, తలుపు ఓరగా వేసి, ఏమే, ఆ పేజీలో వరస తుడిచేస్తే డబ్బు పోతుందా అంది, పోదు పెద్దమ్మా, అది డబ్బు పెట్టె కాదు, అద్దం, నువ్వేం తొడిగితే అదే చూపిస్తుంది అంది పిల్ల, అవతల ఎవరికో అక్షరాలు చదివిస్తోంది, పై వరస చదవండి, దాని కిందది చదవండి అని, అద్దం అంటే నాకు చెప్తావా, మన ట్రయల్ రూములో అద్దం చూడు, అందర్నీ రెండంగుళాలు సన్నగా చూపిస్తుంది, దాని వల్లే సగం గిరాకీ, మరి ఇది ఇరవై వేలు లావుగా చూపిస్తోందే అంది కత్తెరమ్మ, అలా ఎందుకు చూపిస్తుంది పెద్దమ్మా, నువ్వే రెండుసార్లు రాసుంటావు, వయసొస్తే అందరికీ అవుతుందిలే, తుడిచెయ్, అసలు ముందు షాపుకొచ్చి కళ్లు చూపించుకో, రెండేళ్లుగా చెప్తున్నా, సూదిలో దారం ఎక్కిస్తున్నాగా అంటావు, దారం కనిపించి కాదు, అలవాటు మీద ఎక్కుతోంది, సరే ఉంటాను, ఇక్కడ ఒకాయన గోడను అక్షరం అంటున్నాడు, పెట్టేసింది, నవ్వుతూనే పెట్టేసింది, వయసొస్తే అందరికీ అవుతుందిలే, ఎంత తేలిగ్గా అంది, ఇస్త్రీ చేసినట్టు అంది, ఒక్క మడత లేకుండా, కత్తెరమ్మ మంచం మీద కూర్చుంది, మంచం మీద అమ్మ దుప్పటి, అంచు తనే కుట్టింది, చేతికుట్టు, ఎప్పుడు కుట్టింది, వర్షాకాలంలో, గుర్తుంది, గుర్తుండి ఏం లాభం.

అయితే కత్తెర పట్టుకోకూడదు, అదీ తేలింది, ఉప్పు ఎక్కువైతే నీళ్లు తాగొచ్చు, పేజీలో వరస ఎక్కువైతే తుడవొచ్చు, గుడ్డ కత్తిరించాక మళ్లీ అతికేది ఎవరు, ఒకసారి కత్తిరించి, మరిచిపోయి, మళ్లీ కత్తిరిస్తే, అదీ చనిపోయిన మనిషి ముచ్చటపడి కొనుక్కున్న గుడ్డ, పదమూడేళ్లు దాచిన గుడ్డ, లేదు, మడతపెట్టి ఇచ్చేద్దాం, ఇంకెక్కడైనా కుట్టించుకోమ్మా అందాం, ఎందుకు అని అడుగుతుంది, చెయ్యి నొప్పి అందాం, కుట్టమ్మకు ఏం చెప్పాలి, కుట్టమ్మకు చెయ్యి నొప్పి అంటే నూనె పట్టుకొస్తుంది, దానికి అబద్ధం నిలవదు, నిజం చెబితే, నిజం చెబితే అది ఏడవదు, మోకాలు గుంజుతున్నట్టు మొహం పెట్టి గోడ చదువుతుంది, కత్తిరించే మనిషి లేకపోతే కుట్టే మనిషి ఏం కుడుతుంది, షాపేముంది, గదేముంది, కింద గది ఎందుకు ఇంక, ఎలాగూ పదహారు వేలు తక్కువ, తాళాలాయనకు కాదని చెప్పేస్తే ఒక్క దెబ్బతో అన్నీ తేలిపోతాయి, నాలుగింటికి వస్తాడు, ఇప్పుడెంత, మూడుంబావు, మూడుంబావో ఇంకేమన్నానో, గోడ గడియారం ముల్లు కూడా రెండుగా కనిపిస్తోంది, లేదు, రెండు ముళ్లే ఉంటాయి గడియారానికి, ఓసి నీ తెలివి తెల్లారా, కత్తెరమ్మ తనలో తనే నవ్వింది, నవ్వు సగంలో ఆగిపోయింది, లేచి ముందు గదిలోకి వచ్చింది, గుడ్డ ఒక కొస పట్టుకుంది, మడవడానికి.

మడవాలంటే కొలతల పుస్తకం తీయాలి, గుడ్డ మీద బరువుకు పెట్టింది అదే, తీస్తూ చూసింది, అలవాటు, పుస్తకం చేతిలోకి వస్తే కళ్లు అంకెల మీదికే పోతాయి, ఛాతీ ముప్పై ఎనిమిది, దాని పక్కన చుక్క, నడుము ముప్పై ఆరు, చుక్క, చెయ్యి పొడుగు ఇరవై రెండు, చుక్క లేదు, అంటే ఛాతీకీ నడుముకీ వదులు చెల్లెలు ముందే కలిపేసింది, చేతికి నేను కలపాలి, ఇందులో ఆలోచించేదేముంది, నలభై ఏళ్ల అలవాటు, ఆసుపత్రి నర్సుల కోట్ల నాటి నుంచి, పన్నెండు తెల్లకోట్లు, షాపు తెరిచిన కొత్తలో మొదటి పెద్ద బేరం, కొలతలు తీయడానికి చెల్లెలు వెళ్లింది, అక్క బిగుతుగా కత్తిరిస్తుందేమో అని భయపడి ఒక్కో అంకెకు ఒక్కో అంగుళం తనే కలిపి రాసుకొచ్చింది, ఇక్కడ నేను నా పద్ధతి ప్రకారం ఇంకో అంగుళం కలిపి కత్తిరించాను, ఒకరికి తెలియకుండా ఒకరం, ఇద్దరం మంచికే, కోట్లు తొడుక్కుంటే పన్నెండుమందీ గుడారాల్లా నిలబడ్డారు, పెద్ద నర్సు తన కోటు రెండు పక్కలా పట్టుకుని చాపి, ఇందులో ఇద్దరం దూరి డ్యూటీ చేయొచ్చు, ఒక జీతం మిగులుతుంది అంది, వారం రోజులు విప్పి విప్పి కుట్టాం, చెల్లెలూ నేనూ మాట్లాడుకోకుండా విప్పాం, అప్పుడు అమ్మ, అప్పటికి అమ్మ మతి సూదిమొనలా ఉండేది, దారాలు ఏరుతూ, ఎందుకర్రా మూతులు ముడుచుకుంటారు, ముందు వదులు కలిపినవాళ్లు అంకె పక్కన ఒక చుక్క పెట్టండి, చుక్క చూసినవాళ్లు మళ్లీ కలపకండి, నోరు తెరిచి చెప్పుకోవడం చేతకాకపోతే చుక్కయినా పెట్టుకోండి అంది, ఆ రోజు నుంచి ఈ రోజు వరకు, చుక్క ఉంటే, నేను కలిపేశాను, నువ్వు కలపకు, అంతే, ఈ చుక్క కూడా దుమ్ములాగే ఉంటుంది, కొత్తవాళ్లెవరైనా చూస్తే తుడిచేస్తారు, గుడ్డముక్కతో, గోటితో.

గోటితో.

కత్తెరమ్మ చేతిలోంచి గుడ్డ కొస జారింది, ఫోను తీసింది, వరసలు లాగింది, ఏడో తారీఖు, ఐదు వేలు, గమనిక అనే గడిలో మచ్చ, దాని కింద ఏడో తారీఖు, ఐదు వేలు, గమనిక ఖాళీ, పైన మచ్చ, కింద ఖాళీ, పైన మచ్చ, కింద ఖాళీ, నాలుగుసార్లూ అంతే, కిటికీ దగ్గరికి వెళ్లి చెయ్యి దూరంగా చాపి పట్టుకుంటే మచ్చ గుండ్రంగా, చక్కగా, కావాలని పెట్టినట్టు ఉంది, ఇది కంట్లోది కాదు, దుమ్మూ కాదు, నేను ఆ గడిలో ఎప్పుడూ ఏమీ రాయను, ఏమే అంది, మిషను చప్పుడులో వినబడలేదు, ఏమే కుట్టూ అంది, చిన్నప్పుడు పిలిచినట్టు, మిషను ఆగింది, ఆ ఫోను పేజీలో నువ్వేమన్నా చేశావా అంది, కుట్టమ్మ మొహం పాలిపోయింది, డబ్బు పోయిందా అక్కా, నేను రాసి వెంటనే మూసేస్తా, ఇంకేం ముట్టుకోను, ఒట్టు అంది, ఎప్పటి నుంచి రాస్తున్నావే, నాలుగు నెలల నుంచి, నీకు జ్వరమొచ్చి మూడురోజులు మంచం పట్టలేదూ, ఏడో తారీఖు పొద్దున నువ్వేగా నా చెయ్యి పట్టుకుని, ఏడో తారీఖు పని మరవకే, ఇంక నువ్వే చూసుకో అన్నావు, అన్నానా, అన్నావు, మరి నేనూ రాశానే, మంచం దిగి రాశాను, తర్వాత ప్రతి నెలా షాపు మూశాక, పై వరసల వంక చూడకుండానే రాశాను, ఎందుకు రాశావు, చుక్క పెట్టానుగా నేను అంది కుట్టమ్మ, తప్పంతా అక్కదే అన్నట్టు, పొద్దున లేస్తూనే నాన్న చొక్కా కొలత కొట్టి, తారీఖు రాసి, ఐదు వేలు రాసి, చుక్క పెట్టి మరీ మూస్తున్నానుగా, చుక్క చూశాక మళ్లీ ఎవరైనా కలుపుతారా, ఆ చుక్కనా, దాన్ని నేను గోటితో గీకానే అంది కత్తెరమ్మ, గీకావా అంది కుట్టమ్మ, గీకాను, గుడ్డతో తుడిచాను, కంట్లో పువ్వు లేచిందనుకున్నాను, మరి కింద నేను రాసింది నీకు కనబడలేదా, కనబడింది, నువ్వు ఏడో క్లాసు దాకా చదివినదానివి, ఏదో లెక్క ఉండి రాసుకున్నావనుకున్నా, మూడో క్లాసుదాన్ని, నిన్ను నేనడుగుతానా అంది, పన్నెండు కోట్లే అంది కత్తెరమ్మ, పన్నెండు గుడారాలు అంది కుట్టమ్మ, అంతే, ఇంక ఇద్దరికీ ఆగలేదు, కుట్టమ్మ మిషను మీద తల పెట్టి నవ్వింది, కత్తెరమ్మ బల్ల పట్టుకుని నవ్వింది, కళ్లు తుడుచుకుంటే చేతి సుద్ద అంటి కనుబొమ్మలు తెల్లబడ్డాయి, అది చూసి కుట్టమ్మ మళ్లీ.

నవ్వు అయిపోయాక కుట్టమ్మ అడగనే అడిగింది, అయితే మెట్లు పోవా అక్కా అని, నాలుగు నెలలు ఆగితే పోతాయే, తాళాలాయన్ని ఆగమని నేను అడుగుతాను, ఆగకపోతే ఆయన నడుము కొలత వీధంతా చెబుతాను అంది కత్తెరమ్మ, అని, రేపు పొద్దున్నే పిల్ల షాపుకు పోయి కళ్లద్దాలు పెట్టించుకుంటాను, ఏడో తారీఖు ఇంక నీదే, నేను ముట్టను, నేను కలిపిన నాలుగూ ఇప్పుడే తుడిచేస్తున్నాను అంది, ఒక్కొక్కటే తుడిచింది, పైన మొత్తం తగ్గుతూ వచ్చింది, మూడు నుంచి రెండుకు దిగి మిగతా రెండు పేజీల దగ్గరికి వచ్చి ఆగింది, ఇరవై వేలు తగ్గినా ఎవరి డబ్బూ పోలేదు, జ్వరంలో నేను అన్నానట, అన్నానా, చెయ్యి పట్టుకున్నది కూడా లేదు గుర్తు, ఎంత తవ్వినా లేదు, అది మాత్రం నిజంగానే పోయింది, జ్వరం అనుకోవచ్చు, జ్వరమే కావచ్చు, రేపు జ్వరం లేకుండా కూడా పోవచ్చు, అమ్మకు పోయినట్టు, అందరికీ పోయినట్టు, అని అనుకుంది, అనుకుంటే ఇందాకటిలా గుడ్డ మడవబుద్ధి కాలేదు, ఎందుకు కాలేదా అని చూసుకుంది, పుస్తకంలో ఛాతీ ముప్పై ఎనిమిది, పక్కన చుక్క, ఇన్నేళ్లూ ఆ చుక్కను గుడ్డ కొలతే అనుకుంది, కాదు, నువ్వు మరిచినా పర్లేదు, ఇక్కడ నేను కలిపే ఉంచాను అని ఒక మనిషి ఇంకో మనిషికి చెప్పే మాట అది, తను మరిచిన చోటల్లా పక్కన ఆ చుక్క ఉంటుంది, నా మతి పోతే పోతుంది, చెల్లెలు ఉంది, ఇంతే, ఇంతకుమించి తెలుసుకోవలసింది ఏ పేజీలోనూ లేదు, కత్తెరమ్మ ఫోను బోర్లా పెట్టింది, గుడ్డ సరిచేసింది, ఛాతీకి చుక్క ఉంది, కలపలేదు, నడుముకు చుక్క ఉంది, కలపలేదు, చేతికి చుక్క లేదు, అంగుళం కలిపింది, సుద్ద గీత వంకర లేకుండా పోయింది, కత్తెర నోరు తెరిచింది, ఆ నీలం గుడ్డలోకి మెత్తగా, ఆగకుండా, కరకరమని నడిచింది, ఆ చప్పుడు విన్నాక కుట్టమ్మ మిషను మళ్లీ మొదలైంది.

ఆ కోటు పోస్టుమాస్టరమ్మకు ఎలా కుదిరిందో నేను కళ్లారా చూశాను, భుజం మీద ఈగ వాలినా జారేది, ఇదీ సంగతి, ఇప్పుడు నువ్వొక పని చెయ్యి, దీన్ని మరవకు, రేపు నీకంటే చిన్నవాళ్లెవరైనా పక్కన కూర్చుంటే నేను చెప్పినట్టే చెప్పు, ఐదు వేలా ఆరు వేలా అన్నది తప్పు చెప్పినా ఫర్వాలేదు, చుక్క మాత్రం వదలకు, రేపో ఎల్లుండో నేను నీకు ఇదే కథ మళ్లీ మొదలుపెడితే, ముందే చెప్పావు కదా అనకు, ఊఁ కొట్టు, నేనెక్కడైనా ఆగిపోతే ఆ తర్వాతది నువ్వు అందుకో.